దళాంతర నియామకం (భారత సాయుధ దళాలు)

దళాంతర నియామకం అనగా త్రివిధ దళాలలో ఒక దళానికి చెందిన అధికారిని గాని సైనికుని గాని కొంతకాలం పాటు మరొక దళపు విభాగంలో పనిచేయుటకు పంపుట. ఆంగ్లంలో దీనిని క్రాస్ పోస్టింగ్ అంటారు. ఇలా వెళ్ళిన వ్యక్తి మాతృదళాన్ని విడువడు. యూనిఫాం, హోదా, జీతభత్యాలు, పదోన్నతి వరుస అన్నీ మాతృదళానివే. ఒక శాఖ నుండి మరొక శాఖకు డెప్యుటేషన్ మీద వెళ్ళిన ప్రభుత్వోద్యోగి పరిస్థితితో దీనిని పోల్చవచ్చును. అయితే ఆ ఉద్యోగికి లేని చిక్కు ఒకటి సైనికునికి కలదు. అతడు సైనిక న్యాయానికి లోబడినవాడు. భారతదేశంలో ఆ న్యాయానికి ఆధారమైన చట్టం ఒకటి కాదు, దళానికొకటి చొప్పున మూడు.

2023లో మధ్యస్థాయి అధికారులను వందమందికి పైగా ఒక దళం నుండి మరొక దళానికి పంపుట, అదే సంవత్సరం ఉమ్మడి సైనిక సంస్థల క్రమశిక్షణకు సంబంధించిన చట్టం పార్లమెంటు ఆమోదం పొందుట వలన ఈ విషయం చర్చలోకి వచ్చినది. మనుషులను ఇచ్చిపుచ్చుకొనుట కొత్త పని కాదు, అది ఎన్నో దశాబ్దాలుగా జరుగుచున్నది. అలా వెళ్ళినవానికి ఆజ్ఞ ఇచ్చునది ఎవరు, తప్పు చేసినచో విచారించునది ఎవరు, అతని పనిని అంచనా వేసి పదోన్నతి ఇచ్చునది ఎవరు అన్నవే అసలు ప్రశ్నలు. వీటిలో మొదటిదానికి సమాధానం పాతదే. రెండవదానికి 2023లో పాక్షికంగా సమాధానం దొరికినది. మూడవది ఇంకా తేలలేదు.

ఈ వ్యాసంలో సైన్యం అను మాట ఆర్మీకి మాత్రమే వాడబడినది. మూడింటినీ కలిపి చెప్పునపుడు త్రివిధ దళాలు లేదా సాయుధ దళాలు అని వ్రాయబడినది.

హోదాలు, ఆచారాలు

మరొక దళంలో అడుగుపెట్టినవానికి తికమక హోదాల పేర్లతోనే మొదలగును. సైన్యంలో కెప్టెన్ అంటే కొద్ది సంవత్సరాల అనుభవం గల చిన్న అధికారి. నౌకాదళంలో కెప్టెన్ సైన్యపు కల్నల్‌తో సమానుడు, పెద్ద యుద్ధనౌకకు అధిపతి కాగలవాడు. సైన్యపు కెప్టెన్‌కు సమానమైన నౌకాదళ హోదా లెఫ్టినెంట్. వైమానిక దళంలో ఫ్లైట్ లెఫ్టినెంట్. సైన్యంలో మేజర్, నౌకాదళంలో లెఫ్టినెంట్ కమాండర్, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ ఒకే మెట్టుపై ఉంటారు. వందనం చేయు పద్ధతి కూడా ఒకటి కాదు. సైనికుని అరచేయి ఎదుటివారికి కనబడును, నావికుని అరచేయి నేలవైపు తిరిగి ఉండును, వైమానిక దళం 2006 నుండి ఈ రెంటికీ మధ్యగా 45 డిగ్రీల కోణాన్ని పాటించుచున్నది.

ఇవి పైపై భేదాలు, కొద్ది వారాలలో అలవాటగును. లోతైన భేదం పని స్వభావంలో కలదు. సైన్యంలో అధికారి విలువ మనుషులను నడిపించుటలో తెలియును. వైమానిక దళంలో శత్రువును ఎదుర్కొనునది ప్రధానంగా విమానం నడుపు అధికారే. మిగిలిన సిబ్బంది అతనిని సిద్ధం చేసి పంపుతారు. నౌకలోనైతే అధిపతి నుండి వంటవాని వరకు అందరూ ఒకే ప్రమాదంలో ఉంటారు. అందువలన మంచి అధికారి అంటే ఎవరు అన్న ప్రశ్నకు మూడు దళాలు మూడు విధాలుగా సమాధానం చెప్పును. పదోన్నతి చిక్కుకు మూలం ఇదే.

పూర్వ చరిత్ర

ఒకే వ్యక్తి రెండు దళాలకు చెందియుండుట గతంలో బ్రిటనులో విచిత్రమైన రూపం దాల్చినది. 1924లో ఏర్పడిన ఒప్పందం ప్రకారం విమానవాహక నౌకలపై పనిచేయు ఫ్లీట్ ఎయిర్ ఆర్మ్ విభాగం రాయల్ ఎయిర్ ఫోర్స్ అధీనంలో ఉండెడిది. కాని అందులోని పైలట్లలో అధికభాగం నౌకాదళ అధికారులే. వారికి నౌకాదళ హోదా ఒకటి, వైమానిక దళ హోదా మరొకటి ఉండెడివి. రెండు యజమానుల మధ్య నలిగిన ఈ ఏర్పాటు నిలువలేదు. 1937లో ప్రభుత్వం ఆ విభాగాన్ని నౌకాదళానికే ఇచ్చివేయుటకు నిర్ణయించినది, 1939లో బదిలీ పూర్తి అయినది.

భారతదేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఎయిర్ అబ్జర్వేషన్ పోస్ట్ విభాగాలు. ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుచున్నవో చిన్న విమానాల నుండి చూచి చెప్పుట వీటి పని. విమానం నడుపువారు సైన్యపు ఫిరంగి దళ అధికారులు, కాని విభాగాల నిర్వహణలో వైమానిక దళం పాత్ర పెద్దది. 1986 నవంబరు 1న ఆర్మీ ఏవియేషన్ కోర్ ప్రత్యేకంగా ఏర్పడుటతో ఆ దశ ముగిసినది. బ్రిటనులోను ఇక్కడను జరిగినది ఒకటే: కలిసి పనిచేయుట అలవాటైన తరువాత కూడా చివరకు ప్రతి దళం తన విమానాలను తానే కోరుకొన్నది.

ఇక ఉమ్మడి శిక్షణ విషయంలో భారతదేశం వెనుకబడలేదు. మూడు దళాల క్యాడెట్లు కలిసి చదువు జాతీయ రక్షణ అకాడమీ 1949లో దేహ్రాదూన్‌లో ఉమ్మడి సేవా విభాగంగా మొదలై 1955లో పూణె సమీపంలోని ఖడక్‌వాస్లాకు తరలినది. పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో మూడేళ్ళు ఒకే భోజనశాలలో గడిపినవారు ఆ తరువాత ఇరవై సంవత్సరాలు దాదాపుగా కలియకుండానే ఉద్యోగం చేయుట ఈ వ్యవస్థలోని విశేషం.

కాశ్మీరులో నావికులు, వైమానిక సైనికులు

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉలర్ సరస్సులో 1995 నుండి నౌకాదళపు మార్కోస్ కమాండోలు పనిచేయుచున్నారు. ఉగ్రవాదులు సరస్సు మీదుగా రాకపోకలు సాగించుటను అడ్డుకొనుటకు నీటిలో పోరాడగలవారు కావలసి వచ్చినది, సైన్యం వారిని నౌకాదళం నుండి పిలిపించుకొన్నది. మొత్తం ప్రాంతం సైన్యపు బాధ్యతలో ఉండగా అందులో ఒక చిన్న భాగాన్ని మరొక దళపు మనుషులు చూచుట దళాంతర సేవకు దీర్ఘకాలిక ఉదాహరణ.

వైమానిక దళానికి చెందిన గరుడ కమాండో దళం 2004లో ఏర్పడినది. వైమానిక స్థావరాల రక్షణ దాని ముఖ్య విధి. వారికి ప్రత్యక్ష పోరాటానుభవం కలిగించుటకు చిన్న చిన్న బృందాలను కాశ్మీరులోని రాష్ట్రీయ రైఫిల్స్ విభాగాలతో కలిపి ఉంచారు. కార్పొరల్ జ్యోతి ప్రకాశ్ నిరాలా అలా వెళ్ళినవారిలో ఒకరు. 2017 నవంబరు 18న బందీపొరా జిల్లాలో జరిగిన ఎదురుకాల్పులలో ఆరుగురు ఉగ్రవాదులు మరణించారు, నిరాలా కూడా ప్రాణాలు కోల్పోయారు. 2018 గణతంత్ర దినోత్సవం నాడు రాష్ట్రపతి ఆయన మరణానంతరం అశోక చక్రను కుటుంబానికి అందజేశారు. భూతలంపై జరిగిన పోరులో ఈ పురస్కారం పొందిన తొలి వైమానిక దళ సైనికుడు ఆయనే. అంతకు నెల రోజుల ముందు, అక్టోబరులో, అదే జిల్లాలోని హాజిన్ వద్ద మరి ఇద్దరు గరుడ సైనికులు మరణించారు. అనుభవం కొరకు పంపిన నియామకాలలో మూల్యం నిజమైనదే అనుటకు ఈ రెండు నెలలు చాలును.

అండమాన్ నికోబార్ కమాండ్

1999 కార్గిల్ యుద్ధం తరువాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం, ఆపై మంత్రుల బృందం దేశ రక్షణ వ్యవస్థను పరిశీలించినవి. మంత్రుల బృందం 2001లో ఇచ్చిన నివేదిక ఫలితంగా అదే సంవత్సరం అక్టోబరులో పోర్ట్ బ్లెయిర్ కేంద్రంగా (2024 నుండి ఈ నగరం పేరు శ్రీ విజయపురం) అండమాన్ నికోబార్ కమాండ్ ఏర్పడినది. త్రివిధ దళాలు ఒకే అధిపతి క్రింద పనిచేయు తొలి ప్రాంతీయ కమాండ్ ఇది. మొదటి అధిపతి వైస్ అడ్మిరల్ అరుణ్ ప్రకాశ్. తరువాత మూడు దళాల అధికారులూ ఈ పదవిని నిర్వహించారు. ఆ పిమ్మట సైన్యాధిపతి అయిన మనోజ్ పాండే 2020, 2021లలో ఇక్కడ పనిచేసినవారే.

ఈ కమాండ్‌ను నమూనాగా చూపి దేశమంతటా విస్తరించవలెనన్నది మొదటి ఆశ. అది రెండు దశాబ్దాల వరకు నెరవేరలేదు. తమ నౌకలను, విమానాలను, దళాలను మరొక దళపు అధికారి చేతిలో ఉంచుటకు మూడు కేంద్ర కార్యాలయాలూ వెనుకాడినవి. దీనిని కేవలం అహంకారమనుట సరికాదు. విమానాలు తక్కువగా ఉన్న వైమానిక దళం వాటిని ఒకచోట కట్టివేసినచో అవసరమైన మరొకచోటికి త్వరగా పంపలేమని వాదించును, ఆ వాదనలో పస కలదు. కాని దళాలను ఇవ్వకుండా కమాండ్‌ను మాత్రం ఏర్పరచుట వలన ఆ కమాండ్ పేరుకు ఉమ్మడిదై, పనిలో మూడు విడి కార్యాలయాల సముదాయంగా మిగులు ప్రమాదం ఉన్నది.

మూడు చట్టాల చిక్కు

సైన్యానికి 1950 నాటి సైనిక చట్టం, వైమానిక దళానికి అదే సంవత్సరపు వైమానిక దళ చట్టం, నౌకాదళానికి 1957 నాటి నౌకాదళ చట్టం వర్తించును. విశేషమేమనగా, సైనిక చట్టంలో పై అధికారి అను పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే, ఒక సైనికుని నౌకాదళ లేదా వైమానిక దళ అధికారి ఆజ్ఞల క్రింద ఉంచినపుడు ఆ అధికారి కూడా పై అధికారియే అని ఉన్నది. కనుక నౌకాదళ అధికారి ఇచ్చిన న్యాయమైన ఆజ్ఞను ధిక్కరించిన సైనికుడు నేరం చేసినట్లే. నౌకలు ఎక్కిన ఇతర దళాలవారికి నిర్ణీత మేరకు నౌకాదళ చట్టం వర్తించు ఏర్పాటు కూడా కలదు. నడిసముద్రంలో నౌకాధిపతి ఎవరినో అడిగి నిర్ణయం తీసుకొనుట కుదరదు గదా.

ఆజ్ఞ ఇచ్చు అధికారం ఉన్నది గాని, శిక్షించు అధికారం లేదు. క్రమశిక్షణ చర్య తీసుకొనవలసి వచ్చినపుడు ఆ వ్యక్తిని అతని మాతృదళ విభాగానికి తిరిగి పంపవలసి వచ్చెడిది. ఉమ్మడి సంస్థలో ఇద్దరు కలిసి ఒకే తప్పు చేసి, వారిలో ఒకరు నావికుడు, మరొకరు సైనికుడు అయినచో, విచారణలు రెండు చోట్ల, రెండు చట్టాల క్రింద, వేరువేరు కాలాలలో జరుగవలెను. సాక్షులు ఇక్కడ, విచారణ అక్కడ. కాలహరణం, ఖర్చు అటుంచి, తన క్రింద పనిచేయువాని తప్పు విషయంలో లేఖ వ్రాయుట తప్ప ఏమీ చేయలేని అధిపతి మాటకు విలువ ఎంత ఉండును?

2023 చట్టం

ఈ లోపాన్ని సరిదిద్దుటకు ఇంటర్ సర్వీసెస్ ఆర్గనైజేషన్స్ (కమాండ్, కంట్రోల్, డిసిప్లిన్) బిల్లు 2023 మార్చిలో లోక్‌సభలో ప్రవేశపెట్టబడినది. ఆగస్టు 4న లోక్‌సభ, 8న రాజ్యసభ ఆమోదించినవి. 15న రాష్ట్రపతి సమ్మతి లభించినది. చట్టం 2024 మే 10 నుండి అమలులోకి వచ్చినది, దాని క్రింద నియమాలు 2025 మే 27న ప్రకటించబడినవి.

చట్టం చేసినది పరిమితమైన పని, కాని ఉపయోగకరమైన పని. మూడు పాత చట్టాలను అది తాకలేదు. నావికునికి నౌకాదళ చట్టమే, సైనికునికి సైనిక చట్టమే వర్తించును. మారినది ఆ చట్టాలను అమలు చేయు చేయి మాత్రమే. ఉమ్మడి సంస్థ అధిపతి ఏ దళానికి చెందినవాడైనను తన క్రింద పనిచేయు మూడు దళాలవారిపై క్రమశిక్షణ, పరిపాలన అధికారాలను వినియోగించవచ్చును. సంస్థలోని ఒక్కొక్క విభాగానికి నాయకత్వం వహించు కమాండింగ్ అధికారికి కూడా అట్టి అధికారాలు లభించినవి. అప్పటికే ఉన్న అండమాన్ నికోబార్ కమాండ్, జాతీయ రక్షణ అకాడమీ, డిఫెన్స్ స్పేస్ ఏజెన్సీ వంటివి ఈ చట్టం క్రింద ఏర్పడినట్లే భావించబడును.

పరిమితి కూడా ఇక్కడే ఉన్నది. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఉమ్మడి సంస్థలకే ఈ చట్టం వర్తించును. ఒక సైన్యపు మేజర్‌ను అచ్చంగా వైమానిక దళానికే చెందిన స్థావరానికి పంపినచో, ఆ స్థావరం ఉమ్మడి సంస్థ కాదు. దళాంతర నియామకాలలో పెరుగుచున్నవి సరిగ్గా ఇటువంటివే.

2023 నాటి నియామకాలు

2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ తొలి రక్షణ దళాల ప్రధానాధిపతిగా బాధ్యతలు స్వీకరించారు. మూడేళ్ళలోగా కార్యాచరణ, సరఫరా, రవాణా, శిక్షణ, మరమ్మతులు మొదలగు విషయాలలో మూడు దళాలను దగ్గరకు తెచ్చుట ఆ పదవికి అప్పగించిన పనులలో ఒకటి. 2021లో ముంబై, గువాహటి, పోర్ట్ బ్లెయిర్‌లలో ఉమ్మడి సరఫరా కేంద్రాలు ఏర్పడినవి. అదే సంవత్సరం డిసెంబరు 8న కూనూరు సమీపంలో హెలికాప్టర్ ప్రమాదంలో రావత్ మరణించారు. 2022 సెప్టెంబరు 30న జనరల్ అనిల్ చౌహాన్ ఆ బాధ్యతలు స్వీకరించునంత వరకు పదవి ఖాళీగా ఉన్నది.

చౌహాన్ కాలంలోనే, 2023లో, మేజర్, లెఫ్టినెంట్ కల్నల్ స్థాయి అధికారులను, ఇతర దళాలలోని వారి సమానులను పెద్ద సంఖ్యలో మార్పిడి చేయుట మొదలైనది. అంతకుముందు ఇటువంటి నియామకాలు ఎక్కువగా ఉమ్మడి కార్యాలయాలకే పరిమితం. ఈసారి ఎంచుకొన్న చోట్లు మూడు దళాలూ ఒకే రకపు పరికరాలు వాడు విభాగాలు. ఎంపికకు కారణం స్పష్టమే. బ్రహ్మోస్ క్షిపణి మూడు దళాల వద్దను కలదు. హెరాన్ మానవరహిత విమానాలు, ధ్రువ్ హెలికాప్టర్లు కూడా అంతే. 2024 అక్టోబరులో అమెరికా నుండి కొనుటకు ఒప్పందం కుదిరిన 31 ఎంక్యూ-9బి మానవరహిత విమానాలలో 15 నౌకాదళానికి, 8 సైన్యానికి, 8 వైమానిక దళానికి కేటాయించారు. యంత్రం ఒకటే అయినపుడు దానిని మూడు పద్ధతులలో నడుపుట, మూడు గోదాములలో విడిభాగాలు నిలువచేయుట వ్యర్థం. ఇతరుల పద్ధతిని దగ్గర నుండి చూచిన మేజర్ తన విభాగానికి తిరిగి వచ్చి దానిని మార్చగలడన్నది ఆశ.

అమెరికా అనుభవం

1980 ఏప్రిల్‌లో ఇరానులో బందీలైన తమ దౌత్య సిబ్బందిని విడిపించుటకు అమెరికా చేసిన ప్రయత్నం ఎడారిలోనే విఫలమై ఎనిమిదిమంది సైనికులు మరణించారు. హెలికాప్టర్లు నౌకాదళానివి, వాటిని నడిపినవారిలో అత్యధికులు మెరైన్ దళానివారు, రవాణా విమానాలు వైమానిక దళానివి, బందీలను విడిపించవలసినవారు సైన్యానివారు. అటువంటి పనిలో ఎక్కువ అనుభవం గల హెలికాప్టర్ పైలట్లు వైమానిక దళంలో ఉండగా వారిని ఎందుకు తీసుకొనలేదన్న ప్రశ్నను తరువాత విచారణ జరిపిన హాలోవే సంఘం లేవనెత్తినది. మనుషులను అరువు తెచ్చుకొనుట ఒక్కటే చాలదు, వారు ముందుగా కలిసి పనిచేసి ఉండవలెనన్నది అక్కడ తేలినది.

1986లో వచ్చిన గోల్డ్‌వాటర్-నికోల్స్ చట్టం దీనికి పదోన్నతి మార్గంలో పరిష్కారం వెదకినది. ఉమ్మడి సంస్థలో పనిచేసిన అనుభవం లేనివారికి, కొన్ని మినహాయింపులు తప్ప, జనరల్ లేదా అడ్మిరల్ స్థాయి దక్కదని నిర్దేశించినది. ఉమ్మడి నియామకాలలో ఉన్నవారి పదోన్నతి రేటు మాతృదళ ప్రధాన కార్యాలయంలో ఉన్నవారికంటె తగ్గరాదని కూడా చెప్పినది. అంతవరకు అటువంటి నియామకాన్ని తప్పించుకొనుటకు చూచిన అధికారులు, ఆపై దానిని కోరి అడుగసాగారు.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలలో మరొక రూపం కనబడినది. సైన్యంలో మనుషులు చాలక నౌకాదళం, వైమానిక దళాల నుండి ఒక్కొక్కరిని విడిగా పిలిచి సైన్యపు పనులకు పంపారు. నావికులు దక్షిణ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో కొద్ది వారాల శిక్షణ పొంది వెళ్ళారు. వైమానిక సైనికులు ఇరాక్ రహదారులపై లారీల బారులను నడిపారు. 2006లో రోడ్డు పక్క బాంబుల బెడదకు విరుగుడుగా నౌకాదళపు ఎలక్ట్రానిక్ యుద్ధ నిపుణులను సైన్యపు విభాగాలకు పంపుట వీటిలో అర్థవంతమైనది. రేడియో సంకేతాలతో పేలు బాంబులను అడ్డుకొను నైపుణ్యం ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన తరువాత సైన్యంలో క్షీణించినది, నౌకాదళ విమాన సిబ్బందిలో నిలిచియున్నది. లేని నైపుణ్యాన్ని తెచ్చుకొనుటకు, కేవలం ఖాళీలు నింపుకొనుటకు మధ్య గల తేడా ఈ రెండు ఉదాహరణలలో కనబడును.

పదోన్నతి ప్రశ్న

భారత సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ వరకు పదోన్నతి సేవాకాలాన్ని బట్టి లభించును. కల్నల్ నుండి ఎంపిక ద్వారా. ఎంపికలో వార్షిక రహస్య నివేదికలు కీలకం, అందులోను ముఖ్యమైన విభాగాలలో పనిచేసినపుడు వచ్చిన నివేదికలకు విలువ ఎక్కువ. నౌకాదళంలో సముద్రంపై గడిపిన కాలం, వైమానిక దళంలో విమానం నడిపిన గంటలు లెక్కకు వచ్చును. మేజర్ స్థాయిలో రెండు మూడేళ్ళు మరొక దళంలో గడుపుట అంటే సరిగ్గా ఈ పోటీకి సిద్ధం కావలసిన కాలాన్ని వెచ్చించుట. అక్కడ నివేదిక వ్రాయు అధికారికి మాతృదళంలో ఏ మాటకు ఎంత విలువో తెలియకపోవచ్చును. ఒక దళంలో ప్రశంసగా చెల్లు అంకె మరొక దళంలో సాధారణం కావచ్చును. నివేదికను చదివి నిర్ణయించు బోర్డులోనివారు అతని పనిని చూచినవారు కారు.

ఈ అనుమానం ఉన్నంత కాలం తెలివైన అధికారి ఇటువంటి నియామకాన్ని తప్పించుకొనుటకే చూచును, దళం కూడా తన ఉత్తములను తన వద్దనే ఉంచుకొనును. అమెరికా 1986లో చట్టంలో వ్రాసుకొన్న హామీ వంటిది భారత చట్టాలలో లేదు.

తెలుగు ప్రాంతాలలో

సికిందరాబాదులోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ 1970లో స్థాపించబడిన త్రివిధ దళాల సంస్థ. ఇక్కడ మూడు దళాల సీనియర్ అధికారులు కలిసి నిర్వహణ శాస్త్రాన్ని అభ్యసిస్తారు. హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో నౌకాదళ, తీర రక్షక దళ అధికారులు కూడా విమాన శిక్షణ పొందారు. విశాఖపట్నం తూర్పు నౌకాదళ కమాండ్‌కు కేంద్రం.

థియేటర్ కమాండ్లు

దేశాన్ని కొన్ని యుద్ధక్షేత్రాలుగా విభజించి, ఒక్కొక్క క్షేత్రంలోని మూడు దళాలను ఒకే అధిపతి క్రింద ఉంచు ప్రతిపాదన 2020 నుండి చర్చలో ఉన్నది. రక్షణ శాఖ 2025ను సంస్కరణల సంవత్సరంగా ప్రకటించినది. ఆ సంవత్సరం ఆగస్టులో మహూలో జరిగిన సదస్సులో వైమానిక దళాధిపతి ఎ.పి. సింగ్ ఈ విషయంలో తొందరపడరాదని, ఢిల్లీలో ఉమ్మడి ప్రణాళిక కేంద్రంతో మొదలుపెట్టవచ్చునని అభిప్రాయపడగా, నౌకాదళాధిపతి దినేశ్ త్రిపాఠి థియేటర్ కమాండ్లకు నౌకాదళం కట్టుబడి ఉన్నదని తెలిపారు. 2025 ముగిసేనాటికి ఆ కమాండ్లు ఏర్పడలేదు.

అవి ఏర్పడి, 2023 చట్టం క్రింద ఉమ్మడి సంస్థలుగా ప్రకటించబడినచో వేలాదిమంది ఒకేసారి మరొక దళపు అధికారి క్రమశిక్షణ పరిధిలోకి వస్తారు. అంతవరకు వైమానిక దళ స్థావరంలో పనిచేయు మేజర్‌కు రోజువారీ ఆజ్ఞ ఇచ్చునది ఒక గ్రూప్ కెప్టెన్. తప్పు చేసినచో విచారించునది సైన్యం. అతడు కల్నల్ అగునో లేదో నిర్ణయించునది సైన్యపు ఎంపిక బోర్డు.